అచ్చు తప్పా, చిలుము పనా: నాణెం మీది తేడా ఎక్కడ పుట్టిందో ఎలా తెలుస్తుంది

కొన్నాళ్ళకోసారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తిరుగుతుంటుంది. "ఇలాంటి ఐదు రూపాయల బిళ్ళ మీ ఇంట్లో ఉంటే లక్షలు మీవే" అని పైన పెద్ద అక్షరాలు, లోపల చూస్తే ఎర్రగా మారిన నాణెమో, అంచు కోసుకుపోయినదో, సగం అక్షరాలు లేనిదో ఉంటుంది. అది చూసి దేవుడి గూట్లో డబ్బాలు, పిల్లల కిడ్డీ బ్యాంకులు బోర్లించేవాళ్ళు చాలామంది. వెతికితే ఏదో ఒకటి తేడాగా దొరుకుతుంది కూడా, ఎందుకంటే ఇరవై ముప్పై ఏళ్ళు జనం చేతుల్లో నలిగిన నాణేల్లో తేడా లేనివే తక్కువ. ఆ తేడా టంకశాల గోడల లోపల పుట్టిందా, బయటికొచ్చాక పుట్టిందా అన్న దగ్గరే అందరూ తికమక పడతారు.

లోపల పుట్టినదాన్ని ముద్రణ లోపం అంటారు, సేకరించేవాళ్ళ మాటల్లో ఎర్రర్. బయట పుట్టినదంతా డ్యామేజ్: తుప్పు, చిలుము, అరుగుదల, నిప్పు, ఆమ్లం, బండి చక్రాలు, సుత్తి దెబ్బలు. మొదటిదానికి సేకర్తల దగ్గర ధర ఉంటుంది, రెండోదానికి మామూలుగా ఏమీ రాదు. ఫోన్‌లో తీసిన ఫొటోలో రెండూ ఒకేలా కనిపించొచ్చు, మోసాలు చేసేవాళ్ళకి కలిసొచ్చేది కూడా అదే.

మింటులో ఒక నాణెం ఎలా పుడుతుంది

మన దేశంలో నాణేలు ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడాల్లో ముద్రిస్తారు. హైదరాబాద్ టంకశాల 1803లో నిజాం కాలంలో సుల్తాన్ షాహీలో మొదలైంది, 1903లో సైఫాబాద్‌కి, 1997లో చర్లపల్లికి మారింది. సైఫాబాద్ పాత మింటులో 2022లో ఒక మ్యూజియం కూడా తెరిచారు, ఆసక్తి ఉన్నవాళ్ళు వెళ్ళి చూడొచ్చు.

పని ఎక్కడైనా దాదాపు ఒకటే. పొడవాటి లోహపు రేకు నుంచి గుండ్రటి బిళ్ళలు కోస్తారు. అప్పడాల పిండి పరిచి గిన్నె అంచుతో గుండ్రాలు కోసినట్టే, కాకపోతే ఇక్కడ ఒకేసారి బోలెడు పంచ్‌లు దిగుతాయి. ఆ బిళ్ళల్ని కాల్చి మెత్తబరుస్తారు, కడుగుతారు, ఒక యంత్రంలో దొర్లించి అంచు కాస్త పైకి లేచేలా చేస్తారు. చివరికి ప్రెస్. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, చుట్టూ కాలర్ అనే ఉక్కు ఉంగరం. బిళ్ళ ఆ ఉంగరంలో కూర్చోగానే పై అచ్చు టన్నుల కొద్దీ ఒత్తిడితో దిగుతుంది. ఆ ఒక్క క్షణంలో లోహం ముద్దలా కదిలి అచ్చులోని పల్లాల్లోకి పారుతుంది, పక్కలకి జరగబోతే కాలర్ ఆపుతుంది. బొమ్మ, బొరుసు, అంచు మీది గీతలు మూడూ ఒకే దెబ్బకి పడతాయి. ఇలా నిమిషానికి వందల నాణేలు.

అందుకని తప్పు జరగడానికి మూడే చోట్లున్నాయి: బిళ్ళలో, అచ్చులో, ముద్ర పడే ఆ క్షణంలో. బిళ్ళ సరిగ్గా కోయకపోవడం, వేరే లోహపు బిళ్ళ కలవడం మొదటి రకం. అచ్చు పగలడం, అచ్చు పల్లంలో గ్రీజు నిండిపోవడం, రెండు అచ్చులు ఒకదానికొకటి తిరిగిపోయి బిగుసుకోవడం రెండో రకం. బిళ్ళ పక్కకి జరిగి ముద్ర ఓరగా పడటం, కాలర్ లేకుండా పడటం, ఒకే బిళ్ళ మీద రెండుసార్లు పడటం మూడో రకం. ఎంత వింతగా కనిపించే నాణెమైనా ఈ మూడింటిలో ఎక్కడో ఒకచోట ఇమడాలి. ఇమడకపోతే, అంటే ఆ రూపం రావడానికి ప్రెస్ ఏం చేసి ఉంటుందో ఎంత ఆలోచించినా చెప్పలేకపోతే, అనుమానం బయటి నష్టం మీదికి వెళ్ళాలి. అనుభవం ఉన్నవాళ్ళు నాణెం చూడగానే మనసులో ఆడించుకునేది ఈ ప్రెస్ సినిమానే.

ఉబ్బిన గీత, పల్లపు గీత

చాలా సందేహాలు ఇక్కడే తేలిపోతాయి కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం.

నాణెం మీద ఒక సన్నటి గీత ఉందనుకోండి, అంచు నుంచి మొదలై సింహాల తల మీదుగా పోతోంది. అచ్చు పగిలితే ఆ పగులు అచ్చులో సన్నటి లోయ. ముద్ర పడేటప్పుడు లోహం ఆ లోయలోకి కూడా పారుతుంది కాబట్టి నాణెం మీద అది ఉబ్బిన గీతగా వస్తుంది. గోరుతో తడిమితే తగులుతుంది. అదే గీత నాణెం బయటికొచ్చాక మేకుతోనో, తారు రోడ్డు మీద రాయితోనో పడిందనుకోండి, అది లోపలికి దిగి ఉంటుంది, దానికి రెండు పక్కలా లేచిన లోహం సన్నటి గట్లు కట్టి ఉంటుంది. పది రెట్లు చూపించే భూతద్దం కింద, దీపాన్ని ఓరగా పెట్టి నాణేన్ని నెమ్మదిగా తిప్పితే గట్లు మెరుస్తాయి. ఉబ్బిన గీతకి అలాంటి గట్లుండవు, వాలు మెత్తగా ఉంటుంది, నేల (బొమ్మలూ అక్షరాలూ లేని చదును భాగం) మీది మెరుపే దాని మీదా ఉంటుంది.

అచ్చు అంచు దగ్గర ఒక ముక్క పూర్తిగా ఊడిపోతే ఆ చోట నాణెం మీద అక్షరాలేవీ లేని లోహపు ముద్ద వస్తుంది, అంచు కూడా అందులో కలిసిపోతుంది. దీన్ని కడ్ అంటారు, చూడగానే ఎవరో కరిగిన సీసం చుక్క వేశారేమో అనిపిస్తుంది.

సరే, ఉబ్బితే ఎర్రర్, దిగితే డ్యామేజ్ అని రాసేసుకోవచ్చా అంటే, కుదరదు. ముద్ర పడేటప్పుడు అచ్చుకీ బిళ్ళకీ మధ్య ఒక తీగ ముక్కో, గుడ్డ పోగో ఇరుక్కుంటే దాని ఆకారం నాణెంలోకి దిగబడుతుంది, అది పల్లమే అయినా నిజమైన ఎర్రర్. అటువైపు తుప్పు కొన్నిసార్లు లోహాన్ని లోపలి నుంచి ఉబ్బిస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఒక్క సెంటు నాణేల్లో ఇది బాగా చూస్తారు: 1982 నుంచి అవి పైన సన్నటి రాగి పూత, లోపలంతా జింకు. పూత ఎక్కడ చిల్లుపడితే అక్కడ తేమ దూరి జింకుని తినేస్తుంది, పైన బొబ్బ లేస్తుంది, ఆ బొబ్బ రెండు అంకెల మధ్య వస్తే ఇంకో అంకె ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే ఉబ్బు ఒక్కటే చూసి ఊరుకోరు, ఆ ఉబ్బు మీద నేల మెరుపు కొనసాగుతోందా, చుట్టూ గరుకు ఉందా అని కూడా చూస్తారు.

కోసుకుపోయిన అంచు

రేకు సరిగ్గా ముందుకి జరగకపోతే పంచ్ పాత గుండ్రం మీదికి కాస్త ఎక్కి కోస్తుంది, దాంతో బిళ్ళకి ఒక పక్క చంద్రవంకలా ముక్క తగ్గుతుంది. క్లిప్ అంటారు. ఇంట్లో ఆకురాయితో రాసి ఇదే ఆకారం తేవడం ఎవరికైనా చిటికెలో పని, అందుకే మోసాలు ఇందులోనే ఎక్కువ.

1992 నాటి ఒక రూపాయి స్టీలు నాణెం ఒకటి ఇలా క్లిప్‌తో మీ చేతికి వచ్చిందనుకుందాం. కోత దగ్గరున్న అక్షరాలు ఎలా ముగుస్తున్నాయో ముందు చూడాలి. బిళ్ళలో ముందే ముక్క లేకపోతే ముద్ర పడేటప్పుడు అక్కడ ఎదురొత్తే గోడ లేదు, లోహం ఆ ఖాళీలోకి జారుతుంది, అందుకని అక్షరాలు కోత వైపు సాగి, పలచబడి, మసకబారతాయి. తయారైన నాణేన్ని కోస్తే అక్షరం పూర్తి ఎత్తుతో నిటారుగా తెగిపోయి ఉంటుంది.

తర్వాత కోతకి సరిగ్గా ఎదురు పక్క అంచు. అసలు క్లిప్ ఉన్న చాలా నాణేల్లో ఎదురు పక్క అంచు కూడా బలహీనంగా, ఒక్కోసారి మాయమైనట్టుగా ఉంటుంది. కారణం సులువే. అంచు లేపే యంత్రంలో బిళ్ళ రెండు వైపుల నుంచీ నొక్కుకుంటూ దొర్లాలి, ఒక పక్క ముక్క లేకపోతే ఆ క్షణంలో ఎదురు పక్కన కూడా ఒత్తిడి ఉండదు. బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అని దీనికి పేరు. దొంగ కోత వేసేవాడు కోసిన చోటు మీద ఎంత నగిషీ చేసినా ఎదురు పక్క గురించి తట్టదు. ఇది కనిపించకపోతే మాత్రం దొంగదని తేల్చలేం, చిన్న క్లిప్‌లలో ఈ గుర్తు కనిపించకపోవచ్చు. గుర్తు ఉంటే గట్టి సాక్ష్యం, లేకపోతే మిగతావి చూడాలి: కోత గోడ మీద ఆకురాయి గీతలు, మిగతా అంచు మురికిగా ఉండి కోత ఒక్కటే కొత్తగా మెరవడం, అలాంటివి.

తిరగబడిన సింహాలు

ఎర్రర్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బ్రోకేజ్. మన పాత నాణేల వ్యాపారుల్లో కొందరు దీన్నే లఖీ అంటారు. ముద్రపడిన నాణెం ప్రెస్ నుంచి బయటికి పోకుండా ఒక అచ్చుకి అతుక్కుపోతుంది, ఈలోపు కొత్త బిళ్ళ వచ్చి కూర్చుంటుంది. ఇప్పుడు ఆ బిళ్ళకి ఒక పక్క అచ్చు, ఇంకో పక్క ఆ అతుక్కున్న నాణెం. ఫలితంగా ఒక పక్క సింహాలు మామూలుగా ఉబ్బెత్తుగా, రెండో పక్క అవే సింహాలు అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి దిగి ఉంటాయి.

దీనికి నకలు చేయడానికి బెంచ్ వైస్ (పనిముట్ల దుకాణాల్లో దొరికే, వస్తువుని రెండు దవడల మధ్య బిగించే ఇనుప పట్టు) చాలు. రెండు నాణేలు ఒకదానికొకటి ఆనించి పెట్టి గట్టిగా బిగిస్తే ఒకదాని బొమ్మ ఇంకోదానిలో తిరగబడి దిగుతుంది. పైసల కాలం నాటి అల్యూమినియం నాణేలు మెత్తన కాబట్టి వాటి మీద మరీ తేలిక.

తేడా పట్టుకోవడానికి కింద మిగిలినదాన్ని చూస్తారు. నిజమైన బ్రోకేజ్‌లో ఆ పక్కకి దాని అచ్చు అసలు తగల్లేదు. అంటే విలువ అంకె, సంవత్సరం ఉండాల్సిన పక్కన అవి పుట్టనే లేదు, తిరగబడిన సింహాలు తప్ప ఏమీ ఉండవు. వైస్‌లో నొక్కినదాని మీద ముందు పడిన అంకె ఉండే ఉంటుంది, దాని మీద సింహాల దిగుడు పడుతుంది. ఎంత నొక్కినా ఆ పాత అంకె చదునై, వెడల్పై, నీడలా కింద మిగులుతుంది. పైగా రెండో పక్క కూడా వైస్ దవడకి ఆని నలిగిపోయి ఉంటుంది. ఇక్కడ కూడా ఒక చిక్కుంది. ఒకసారి పూర్తిగా ముద్రపడిన నాణెం ప్రెస్‌లోనే ఉండిపోయి, రెండోసారి ఇంకో నాణెంతో కలిసి దెబ్బ తినొచ్చు, అప్పుడు నిజమైన ఎర్రర్‌లోనే పాత అంకె నీడ కనిపిస్తుంది. అలాంటివి ఫొటో చూసి తేల్చే రకం కాదు, చేతిలోకి తీసుకుని చూసిన అనుభవజ్ఞులు కూడా వాదించుకుంటారు.

ఎర్రగా మారిన ఐదు రూపాయలు

వీడియోల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. "రాగి ఐదు రూపాయలు, చాలా అరుదు."

2009 నుంచి వస్తున్న పసుపు రంగు ఐదు రూపాయల నాణెం నికెల్ బ్రాస్: రాగి, జింకు, కొద్దిగా నికెల్. పసుపు రంగంతా జింకు కలవడం వల్లే. ఉప్పునీరు, చెమట, పులుపు తగిలినప్పుడు పై పొరలో రాగికన్నా జింకు ముందు కరిగిపోతుంది, మిగిలిన రాగి ఎర్రగా బయటపడుతుంది. చింతపండుతో తోమిన ఇత్తడి చెంబు మీద ఒక్కోచోట గులాబీ మరకలు పడతాయి చూశారా, అదే రసాయనం. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి పొడి, ఏవైనా ఈ పని చేయగలవు. హుండీలో పసుపు కుంకుమ తడిలో నెలల తరబడి ఉన్న నాణెం, బావి అడుగున పడున్న నాణెం, చేపల మార్కెట్‌లో తిరిగిన నాణెం తలో రంగులో తేలతాయి.

ఈ ఎరుపు పైపైనే ఉంటుంది, సమంగా ఉండదు. అక్షరాల మూలల్లో ముదురుగా, వేళ్ళు రాసుకునే ఎత్తుల మీద పసుపు బయటపడి ఉంటుంది. బరువు మాత్రం ఆ నాణేనికి ఉండాల్సినంతే అటూఇటూగా ఉంటుంది. ఒకవేళ నిజంగా వేరే లోహపు బిళ్ళ మీద ముద్ర పడి ఉంటే రంగు అన్ని చోట్లా ఒకటే, అంచు మీద కూడా, గీతల లోతుల్లో కూడా, బరువు కూడా ఆ వేరే బిళ్ళ బరువే.

లోహాన్ని బట్టి నష్టం ముఖం మారుతుంది. రాగి ఎక్కువున్న కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిసిన లోహం) నాణెం మట్టిలో పడితే పచ్చ చిలుము పడుతుంది. అల్యూమినియం తడిలో తెల్లటి పొడి రాలుస్తూ గుంటలు పడుతుంది. పాత వెండి రూపాయి గాలిలోని గంధకంతో నల్లబడుతుంది, ఈ నలుపుని మాత్రం చాలామంది సేకర్తలు నష్టం కింద లెక్కేయరు, పైగా తోమితే కోప్పడతారు. స్టీలు నాణెం మామూలుగా మొండిది, కానీ ఉప్పునీళ్ళలో ఏళ్ళు పడుంటే దానికీ చుక్కలు చుక్కలుగా తుప్పు గుంటలు వస్తాయి. రైలు రాజమండ్రి దగ్గర గోదావరి దాటుతుంటే జనం కిటికీల్లోంచి నాణేలు వేస్తారు కదా, నదుల్లో పడిన అలాంటి నాణేల్ని కుర్రాళ్ళు తాడుకి అయస్కాంతం కట్టి ఏరుతుంటారు. ఆ అయస్కాంతానికి స్టీలువే అంటుకుంటాయి, ఇత్తడి, కుప్రోనికెల్ ఇసుకలోనే ఉండిపోతాయి. ఇసుకలో ఏళ్ళ తరబడి దొర్లినదాని అక్షరాలు అరిగి, ఒళ్ళంతా ఒకేలాంటి మసక నునుపు వస్తుంది, దాన్నే పట్టుకుని కొందరు "ముద్ర సరిగ్గా పడని నాణెం" అని అమ్మకానికి పెడతారు.

తెల్లటి ఐదు రూపాయలు: అయస్కాంతం, తూకం

ఇప్పుడు ఎదురు ఉదాహరణ. మీ చేతిలో ఐదు రూపాయల నాణెం ఉంది, రంగు తెలుపు. వేరే బిళ్ళ మీద పడిందా?

తూచితే 9 గ్రాములొచ్చి, అయస్కాంతానికి అంటుకోకపోతే అది 1992 తర్వాత చాలా ఏళ్ళు నడిచిన బండ ఐదు, కుప్రోనికెల్, మామూలు నాణెమే. 6 గ్రాములుండి అయస్కాంతానికి అంటుకుని, మీద 2007 అని ఉంటే అదీ మామూలుదే. ఆ రోజుల్లో ఐదు రూపాయల్ని స్టీలులో వేశారు, చాలామందికి ఈ సంగతి గుర్తులేదు. కానీ నాణెం 2011లో వచ్చిన డిజైన్‌ది, రంగు తెలుపు, అయస్కాంతానికి టక్కున అంటుకుంది, తూకం 3.8 గ్రాముల దగ్గర ఆగింది, 23 మిల్లీమీటర్లు ఉండాల్సిన వెడల్పు 22 దగ్గరే ఉంది, అంచు దగ్గర అక్షరాలకి చోటు చాలలేదు. అప్పుడు మాత్రం గుండె కొంచెం వేగంగా కొట్టుకోవచ్చు. 3.8 గ్రాములు, 22 మిల్లీమీటర్లు అంటే అదే 2011 డిజైన్ ఒక రూపాయి స్టీలు బిళ్ళ కొలతలు. ఐదు రూపాయల అచ్చు కిందికి రూపాయి బిళ్ళ దారి తప్పి వచ్చిందన్న కథ నాలుగు కొలతలకీ సరిపోతోంది.

ఇదే నాణెం తెల్లగా ఉండి, అయస్కాంతానికి అంటుకోకుండా 6 గ్రాములు తూగితే? ఇత్తడి నాణేనికి ఎవరో నికెల్ పూత వేశారని మొదట అనుకోవాలి. బంగారు రంగు రూపాయల కథ కూడా ఇంతే, పూత పూయడం ఏ చిన్న ప్లేటింగ్ షాపులోనైనా అయ్యే పని. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న కాటా ఉంటే ఇలాంటివి సగం ఇంట్లోనే తేలిపోతాయి.

పలచబడిన నాణెం

బిళ్ళ నిజంగానే పలచగా పుట్టొచ్చు, రేకు మందం తప్పినప్పుడు. అప్పుడు నాణెం వెడల్పు తగ్గదు, ఎందుకంటే వెడల్పు పంచ్‌ది, కాలర్‌ది. లోహం చాలక ఎత్తైన చోట్ల బొమ్మ పూర్తిగా నిండదు కానీ నేల మెరుపు అలాగే ఉంటుంది. ఆమ్లంలో నానబెట్టిన నాణెం అన్ని వైపుల నుంచీ కరుగుతుంది. మందంతో పాటు వెడల్పు తగ్గుతుంది, అక్షరాలు సన్నబడతాయి, అంచు గీతలు పోతాయి, ఒళ్ళంతా ఉప్పుకాగితం రాసినట్టు గరుకు. స్కూలు ల్యాబ్‌లో ఆమ్లం దొరికిన పిల్లలు సరదాకి చేసినవి కూడా తర్వాత ఎప్పుడో చిల్లరలో తిరుగుతుంటాయి.

అక్షరాలు మాయమైన నాణేలదీ ఇదే తీరు. అచ్చులో గ్రీజు నిండితే ఆ అక్షరం పుట్టదు, ఆ చోటు చుట్టుపక్కలంత నునుపుగా, మెరుపుతో ఉంటుంది. గీకి తీసేస్తే గీతలుంటాయి, చిన్న గుంట ఉంటుంది.

నడుము లేని పది రూపాయలు

పది రూపాయల నాణెంలో బయటి ఉంగరం, లోపలి బిళ్ళ వేర్వేరు లోహాలు. వాటిని కలిపేది వెల్డింగో గమ్మో కాదు, ముద్ర పడేటప్పటి ఒత్తిడే. ఉంగరం లోహం లోపలికి పారి మధ్య బిళ్ళ అంచుని పట్టుకుంటుంది. వేడి చేసి సుత్తితో కొడితే మధ్య బిళ్ళ ఊడిరావడం కష్టమేమీ కాదు.

మధ్యలో ఖాళీగా ఉన్న ఉంగరం దొరికితే రంధ్రం గోడ చూడాలి. తయారైన నాణెంలోంచి ఊడగొడితే రంధ్రం సరైన కొలతలో, మధ్య బిళ్ళని పట్టుకున్న ఆనవాళ్ళతో ఉంటుంది. అసలు మధ్య బిళ్ళ లేకుండానే ఉంగరం మీద ముద్ర పడితే లోహాన్ని ఆపేవాళ్ళు లేరు, అది రంధ్రంలోకి పొంగుతుంది, రంధ్రం చిన్నదై దాని అంచు గుండ్రంగా, వంకరగా తయారవుతుంది. మధ్య బిళ్ళ పక్కకి జరిగి ముద్ర పడిన వాటిలో కూడా అంతే, ఒక లోహం ఇంకోదాని మీదికి పాకి, ఆ పాకిన చోట కూడా డిజైన్ తెగకుండా కొనసాగుతుంది.

ఎర్రరూ కాదు, డ్యామేజీ కాదు

కొన్ని తేడాలు ఈ రెండు గంపల్లోనూ పడవు. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ మింటు గుర్తు, వజ్రం ఆకారం ముంబైది, చుక్క నోయిడాది, ఏమీ లేకపోతే కోల్‌కతాది. "నక్షత్రం ఉన్న నాణెం అరుదు" అని మన ఊళ్ళలోనే అమ్మజూపడం చూస్తే నవ్వొస్తుంది, హైదరాబాద్‌లో పుట్టిన నాణేలు మన దగ్గర కాక ఇంకెక్కడ ఎక్కువ తిరుగుతాయి! వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయలు కూడా 2012లో వచ్చిన స్మారక నాణెం, ఎర్రర్ కాదు. పది రూపాయల మీద గీతలు పది ఉంటే అసలుది, పదిహేను ఉంటే నకిలీ అని పుకారు పుట్టి దుకాణాల్లో తీసుకోవడం మానేస్తే, 14 డిజైన్లూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది.

చేత్తో కొట్టిన పాత నాణేల లెక్కే వేరు. నిజాం కాలపు హాలీ సిక్కాల్లో యంత్రాలు రాకముందువి తీసుకుంటే అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది, కాబట్టి రాత సగమే పడటం మామూలు. కోటిలింగాలలో దొరికిన శాతవాహనుల నాణేల్లాంటి వాటిలో ముద్ర ఓరగా ఉందని ఎర్రర్ అంటే పాత నాణేలు చూసేవాళ్ళెవరూ ఒప్పుకోరు. అంచు మీద పగుళ్ళు కూడా సుత్తి దెబ్బకి బిళ్ళ విచ్చుకోవడం వల్ల వచ్చినవే. వెండి రూపాయల మీద కనిపించే చిన్న చిన్న గుద్దులు మాత్రం తర్వాత పడినవి, షరాబులు వెండి నిజమైనదేనా అని పరీక్షించుకున్న గుర్తులు.

సేకర్తలు ఒప్పుకోని చోట్లు

ఇంతవరకు చెప్పినవాటిలో చాలావరకు వాదన లేదు. వాదన ఉన్నవి వేరే ఉన్నాయి.

ఒకటి, రెండుగా కనిపించే అక్షరాలు. అచ్చు తయారయ్యేటప్పుడే దాని మీద బొమ్మ రెండుసార్లు కాస్త జరిగి పడితే ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా అక్షరం జంటగా వస్తుంది. రెండూ పూర్తి ఎత్తుతో, గుండ్రంగా, మూలల్లో చీలిక కనిపిస్తూ ఉంటాయి. వీటిని డబుల్ డై (జంట అచ్చు) అంటారు, అమెరికాలో 1955 సెంటు ఇలాంటిదే, ప్రపంచమంతా పేరున్నది. ముద్ర పడిన వెంటనే అచ్చు వదులుగా ఉండి అదిరితే అక్షరం పక్కన మెట్టులా చదునైన నీడ పడుతుంది, అసలు అక్షరం ఆ మేరకు సన్నబడుతుంది. ఇది కూడా మింటులోనే జరిగింది కదా, మరి ఎర్రర్ ఎందుకు కాదని కొందరు అడుగుతారు. అచ్చులో లోపం లేదు, ఇలాంటివి లెక్కలేనన్ని ఉంటాయి, విలువ కట్టలేం అని ఎక్కువమంది అంటారు. అచ్చు బాగా అరిగిపోయి వచ్చే జంట నీడల మీదా ఇదే మాట: అదే 1955లో అరిగిన అచ్చుతో వచ్చిన సెంట్లని పేదవాడి డబుల్ డై అని ఎగతాళిగా పిలుస్తారు. నా మట్టుకు రెండో పక్షమే సబబు అనిపిస్తుంది, కానీ మొదటివాళ్ళ ప్రశ్నలో తర్కం లేకపోలేదు.

ఇంకోటి, తిరిగిన అచ్చు. మన నాణేన్ని పైనా కిందా వేళ్ళతో పట్టుకుని పక్కకి తిప్పితే రెండో పక్క కూడా నిటారుగానే ఉండాలి. ఓరగానో తలకిందులుగానో ఉంటే బిగింపులో తేడా. ఇది తుప్పుతోనో సుత్తితోనో తేలేనిది, అందుకని నిజమా కాదా అన్న గొడవ తక్కువ. ఎంత తిరిగితే లెక్క అన్న దగ్గర మాత్రం ఎవరి కొలత వారిది. కొద్ది డిగ్రీలని ఎవరూ పట్టించుకోరు, తలకిందులైతే అందరూ చూస్తారు, మధ్యలో ఉన్నవి బేరమే.

మూడోది కొంచెం ఇబ్బందికరం. మరీ అందంగా, మరీ నాటకీయంగా ఉన్న కొన్ని ఎర్రర్లు మింటులో ఎవరో కావాలని చేసి బయటికి పంపినవేమో అన్న అనుమానం ఏ దేశంలోనైనా ఉంది. ప్రెస్ నిజం, అచ్చు నిజం, లోహం నిజం, తప్పు మాత్రం తప్పు కాదు. లోహాన్ని చూసి దీన్ని తేల్చడానికి దారి లేదు. కొందరు సేకర్తలు అలాంటివాటిని ముట్టుకోరు, కొందరికి అసలు పట్టింపే లేదు. నాణేల్ని పరీక్షించి అసలుదో కాదో, ఏ స్థితిలో ఉందో చెప్పే ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి గ్రేడింగ్ సంస్థలు డబ్బాలో సీలు చేసి ఇచ్చే మాట కూడా అది ఏ రకం ఎర్రర్ అన్నంతవరకే.

ధరల గురించి రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ఒక హెచ్చరిక ఇచ్చింది: పాత నోట్లు, నాణేలు కొంటామంటూ తమ పేరు వాడుకుని ఆన్‌లైన్‌లో ఫీజులు, కమీషన్లు అడుగుతున్నారని, తాము అలాంటి వ్యవహారాలు చేయమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని. "మీ నాణేనికి పది లక్షలు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అనే ఫోన్లు వచ్చేది ఎర్రగా మారిన ఐదు రూపాయలకి కూడానే. ఇక దెబ్బతిన్న నాణెం చెల్లుతుందా అంటే, 2011 నాణేల చట్టం ప్రకారం రూపు చెడగొట్టనిదై, బరువు నిర్ణయించిన హద్దుకన్నా తగ్గనిదైతే చెల్లుతుంది. చింతపండు తగిలి రంగు మారిన ఐదు రూపాయలు ఈ లెక్కన ఐదు రూపాయలే, ఆకురాయితో అంచు కోసినదైతే అదీ అనుమానమే.